సీలు వేసిన చేతి మైకును పాడుచేయకుండా విప్పడం ఎలా

బటన్ నొక్కితే రేడియో సెట్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అవతలి వాళ్లకు మాత్రం మీ గొంతు వినపడదు. మైకును తిప్పి చూస్తే ఎక్కడా ఒక్క స్క్రూ కనపడదు. రెండు ప్లాస్టిక్ చిప్పలు అంటుకుపోయి, మధ్యలో వెంట్రుకంత సన్నటి గీత ఉంటుంది. అప్పుడు చేయి తనంతట తానే స్క్రూడ్రైవర్ వైపు పోతుంది. కాసేపు ఆగండి. నేను మొదటిసారి విప్పిన సీల్డు మైకు మూడు ముక్కలైంది. తీరా చూస్తే లోపం లోపల లేనే లేదు, ప్లగ్ దగ్గర వైరు తెగింది. అంటే ఆ మైకును విప్పాల్సిన పనే లేదు.

ఈ పద్ధతి వాకీటాకీకి తగిలించే స్పీకర్ మైకుకూ పనికొస్తుంది, బండిలోనో బల్ల మీదో ఉండే రేడియో సెట్ తాలూకు గిరజాల వైరు మైకుకూ పనికొస్తుంది. మైకు తెరవడం ఎలాగూ వస్తుంది. మళ్లీ మూయగలిగేలా తెరవడం, మూసింది రెండోసారి సులువుగా తెరుచుకునేలా చేయడం, ఈ రెండే అసలు పని.

విప్పక ముందే ఎంత తెలుస్తుందో చూడండి

ముందు మైకు ఊడదీసి సెట్‌ను విడిగా పరీక్షించండి. వాకీటాకీ అయితే దానికి సొంత మైకు ఉంటుంది కాబట్టి దాంతో మాట్లాడి చూడండి. వీలైతే అదే రకం వేరే మైకు ఒకటి తగిలించండి. రెండో మైకుతో కూడా అదే తంటా వస్తే లోపం సెట్‌లోనో, దాని సాకెట్‌లోనో ఉంది. ఇక మైకు జోలికి పోవద్దు.

తర్వాత మైకు ముందు వైపు చిన్న రంధ్రం చూడండి. స్పీకర్ జాలీ కాదు, దాని పక్కనో కిందనో గుండుసూది తలంత ఉండేది. చాలామంది గొంతు పోయే దారి స్పీకర్ జాలీ అనుకుంటారు, అసలు రంధ్రాన్ని బొటనవేలితో మూసి మాట్లాడతారు. రంధ్రంలో మట్టి చేరితే గొంతు దూరంగా, బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మెత్తటి బ్రష్‌తో, మైకును బోర్లించి, పై పైన దులపండి. సూది పెట్టి పొడవకండి, గాలి కొట్టే డబ్బా వాడకండి. నీళ్లు చొరబడని మైకుల్లో ఆ రంధ్రం వెనక గాలిని మాత్రం పోనిచ్చే పల్చటి పొర ఉంటుంది. అది చిరిగితే నీటిని ఆపే గుణం అక్కడితో సరి.

ఇక లక్షణాలు. బటన్ నొక్కినా సెట్ ట్రాన్స్‌మిట్‌లోకి, అంటే మాట పంపే స్థితిలోకి పోకపోతే, పీటీటీ (పుష్ టు టాక్, నొక్కి మాట్లాడే బటన్) స్విచ్ అయినా పోయి ఉండాలి, దానికి వెళ్లే వైరు అయినా తెగి ఉండాలి. ట్రాన్స్‌మిట్ అవుతూ మాట పోకపోతే కండెన్సర్ మైకునో (లోపల గొంతును పట్టే చిన్న బిళ్ల) దాని వైరునో అనుమానించాలి. వైరు కదిపినప్పుడల్లా స్పీకర్ గొంతు వచ్చి పోతుంటే తొంభై పాళ్లు వైరే. బటన్ వదిలినా ట్రాన్స్‌మిట్ ఆగకపోతే వెంటనే ప్లగ్ పీకండి. మీరు మొత్తం ఛానెల్‌ను మూసేస్తున్నారు, అవతల ఎవరికి ఏ అవసరం ఉందో మీకు తెలియదు. ఎక్కువసార్లు అది లోపలికి దిగిన నీళ్ల పని, లేదంటే బటన్ కింద ఇరుక్కుపోయిన రబ్బరు పని.

మల్టీమీటర్ ఉంటే ప్లగ్ దగ్గరే సగం కథ తెలుస్తుంది. ఒకటి 3.5 మిల్లీమీటర్లు, ఒకటి 2.5 మిల్లీమీటర్లు ఉండే జంట ప్లగ్ మైకుల్లో, చాలా వాటికి పీటీటీ నొక్కితే ఒక ప్లగ్ మొదలు భాగం (మొన కాదు, వైరు వైపున్న లోహపు భాగం) రెండో ప్లగ్ మొదలు భాగంతో కలుస్తుంది. మీటరును కంటిన్యూటీలో (దారి కలిస్తే బీప్ వచ్చే చోట) పెట్టి రెండు మొదళ్ల మీద ఆనించి బటన్ నొక్కండి. బీప్ రావాలి, వదిలితే ఆగాలి. బీప్ వస్తూనే బటన్ నొక్కి పట్టుకుని వైరును ప్లగ్ దగ్గర, మైకు మెడ దగ్గర అటూ ఇటూ వంచండి. ఎక్కడ వంచితే బీప్ తెగుతుందో లోపం అక్కడే ఉంది.

ఎనిమిది పిన్నుల ప్లగ్ అయితే ఇంత సులువు కాదు. చూడటానికి కంప్యూటర్ నెట్‌వర్క్ వైరు ప్లగ్‌లా ఉంటుంది కానీ ఏ పిన్నుకు ఏది అన్నది కంపెనీకో రకం. ఒకటో నంబరు ఏ చివర మొదలవుతుందన్నది కూడా అందరికీ ఒకటి కాదు. మీ సెట్ సర్వీస్ మాన్యువల్‌లోని బొమ్మే ప్రమాణం. ఇంకో మాట: అంకెల బటన్లు ఉన్న మైకుల్లో కొన్ని ఒకే వైరు మీద వేర్వేరు రెసిస్టర్లతో బటన్లను గుర్తిస్తాయి. అక్కడ మీటరు కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తే కంగారు పడకండి, దాని తీరే అంత.

వీటిని విప్పకండి

మండే వాయువులు, ధూళి ఉండే చోట వాడటానికి ధ్రువీకరించిన మైకుల మీద ఏటెక్స్ లేదా ఐఈసీఈఎక్స్ గుర్తు ఉంటుంది. నిప్పురవ్వ పుట్టకుండా లోపలి సర్క్యూట్‌ను లెక్కగట్టి చేస్తారు. ఒక్క వైరు మార్చినా, జిగురు మార్చినా ఆ ధ్రువీకరణ చెల్లదు. అలాంటిది పాడైతే అనుమతి ఉన్న సర్వీస్ వాళ్లకివ్వాలి, లేదంటే పక్కన పడేయాలి. విమానంలో వాడే మైకు, పడవలో ప్రాణాపాయ సందేశానికి నమ్ముకున్న మైకు విషయంలోనూ నా సలహా ఇదే. గ్యారంటీ ఉన్నదాన్ని విప్పితే అది పోతుంది, ఆ సంగతి చెప్పక్కర్లేదు.

లోపల మొత్తం ఎపాక్సీ అనే గట్టి జిగురు పోసి గట్టిపరిచిన మైకులు కూడా కొన్ని ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు, వేలితో తడితే డొల్ల శబ్దం రాదు. వాటి మీద ఆదివారాలు పాడుచేసుకోకండి.

ఎలా మూశారో కనిపెట్టండి

స్క్రూలు కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. మొదట వెనక లేబుల్ మీద గోరు వెనక వైపుతో నెమ్మదిగా నొక్కుతూ వెళ్లండి. గుంట తగిలితే దాని కింద స్క్రూ ఉంది. రబ్బరు బిళ్లల కింద, బట్టలకు తగిలించే క్లిప్పు కింద, బండిలో కొక్కేనికి తగిలించే వెనక బుడిపె కింద కూడా దాక్కుంటాయి. ఆ బుడిపె కొన్నిట్లో తానే ఒక స్క్రూ. గట్టిగా అపసవ్యంగా తిప్పితే ఊడి వస్తుంది.

చిన్న బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి మైకు మీద ఆడించి చూడండి. ఇనుప స్క్రూ ఉన్నచోట అది తల వంచుతుంది. స్పీకర్ దగ్గర ఎలాగూ గట్టిగా లాగుతుంది, అది లెక్కలోకి తీసుకోకండి. స్టెయిన్‌లెస్ స్క్రూలు చాలా వరకు అయస్కాంతానికి దొరకవు కాబట్టి ఏమీ తగల్లేదంటే స్క్రూ లేదని తీర్పు ఇవ్వకండి.

స్క్రూలు నిజంగానే లేకపోతే మూడు దారులు మిగులుతాయి. ప్లాస్టిక్ కొక్కేలతో ఒకదానిలో ఒకటి ఇరికించి ఉండొచ్చు. అప్పుడు అతుకు గీత మీద అక్కడక్కడ గోరు దిగే సందు ఉంటుంది, నొక్కితే చిప్ప కాస్త ఆడుతుంది. జిగురుతో అతికించి ఉండొచ్చు. గీత పొడవునా పల్చగా మెరిసే చార, మూలల్లో బయటికి పొంగిన చుక్కలు కనపడతాయి. మూడోది అల్ట్రాసోనిక్ వెల్డింగ్. ఒక చిప్ప అంచున సన్నటి ప్లాస్టిక్ కట్ట పోసి, సెకనుకు 20 వేల నుంచి 40 వేల సార్లు అదిరే యంత్రంతో నొక్కితే ఆ కట్ట కరిగి రెండు చిప్పలూ ఒకటైపోతాయి. బయటికి గీత చాలా శుభ్రంగా కనిపిస్తుంది, ఎక్కడా ఆడదు. మనల్ని ఏడిపించేది ఇదే.

తెరవడం

మైకును సెట్ నుంచి ఊడదీసే ఉంచండి. బల్ల మీద తెల్లగుడ్డ పరవండి, చిన్న చిన్న ముక్కలు ఎగిరినా కనపడతాయి. కళ్లద్దాలు పెట్టుకోండి.

కొక్కేల మైకుకు లోహపు స్క్రూడ్రైవర్ వద్దు. గిటార్ మీటే బిళ్లలాంటిది కానీ, పాత ప్లాస్టిక్ కార్డు ముక్క కానీ తీసుకోండి. వైరు వచ్చే చోటికి ఎదురు చివర మొదలుపెట్టి ఒక్కో కొక్కెం విడిపోయినప్పుడల్లా ఆ సందులో ఇంకో ముక్క దూర్చి ఉంచండి. లేకపోతే మీరు రెండోదాన్ని తీసేలోపు మొదటిది మళ్లీ బిగుసుకుంటుంది.

జిగురు మైకుకు వేడి కావాలి. హెయిర్ డ్రయ్యర్‌తో అతుకు గీత వెంట తిప్పుతూ, చేత్తో పట్టుకోగలిగీ పట్టుకోలేనంత వేడి, అంటే సుమారు 60 డిగ్రీలు వచ్చేదాకా. అంతకు మించకండి. మైకు చిప్పలకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది. దానికంటే ముందే లోపలి కండెన్సర్ మైకు దెబ్బతింటుంది. అందులో శాశ్వతంగా నింపిన విద్యుదావేశమే దాని ప్రాణం, ఎక్కువ వేడికి అది తగ్గిపోతుంది. పెయింటు ఊడదీసే హీట్ గన్ ఈ పనికి కాదు. వేడెక్కాక కార్డు ముక్కను దూర్చి, ఒకటి రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గీతలోకి వదలండి. గ్లూ గన్ జిగురు అయితే ఆల్కహాల్ తగలగానే పట్టు వదిలేస్తుంది, చూస్తే ముచ్చటేస్తుంది.

అసిటోన్ మాత్రం వద్దు. ఏబీఎస్‌ను కరిగిస్తుంది, పాలికార్బొనేట్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌ను పగుళ్లు పట్టిస్తుంది. నేనొకసారి గోళ్ల రంగు తీసే ద్రవంతో జిగురు తుడవబోయి మైకు ముఖం మీద నా వేలిముద్ర శాశ్వతంగా వేశాను. ఆ మైకు ఇప్పటికీ పనిచేస్తుంది, ముఖం మాత్రం చూడలేం.

వెల్డింగ్ మైకుకు ఓపిక కావాలి. ముందు రంపం తీయకండి. మైకును బట్టలో చుట్టి, అతుకు గీత పైకి వచ్చేలా పట్టుకుని, చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ సుత్తితో గీత మీద నేరుగా, తేలికగా కొడుతూ చుట్టూ తిరగండి. గట్టిగా నాలుగు దెబ్బల కంటే తేలికగా నలభై మేలు. వెల్డింగ్ పెళుసు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ సాగుతుంది. అందుకని ఎక్కడో ఒకచోట అతుకే ముందు టిక్‌మంటుంది. ఆ శబ్దం వినగానే అక్కడ కార్డు ముక్క దూర్చి, దాని పక్కనే మళ్లీ మొదలుపెట్టండి. బెంచి వైస్ ఉంటే చెక్కముక్కల మధ్య మైకును పెట్టి పక్కల నుంచి కొద్దికొద్దిగా బిగించి వదిలినా అతుకు విడుతుంది. స్పీకర్ ఉన్న చోట మాత్రం బిగించకండి.

ఫ్రీజర్‌లో పెట్టి తీయమని కొందరు చెబుతారు. చల్లబడితే అతుకు పెళుసవుతుంది, నిజమే. మిగతా ప్లాస్టిక్ కూడా అవుతుంది. నేను చేయను.

ఏదీ కుదరకపోతే రంపం. మోడళ్లు చేసేవాళ్లు వాడే పల్చటి రేజర్ రంపం దీనికి సరైంది. చిప్పల మందం చాలా మైకుల్లో 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రంపం బ్లేడు మీద పళ్ల చివర నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు వదిలి రెండు పక్కలా మందపాటి టేపు అంటించండి. టేపు చిప్పకు తగిలిందంటే లోతు చాలు. పూర్తిగా కోసేయాలని చూడకండి. గాడి పడితే చాలు, మిగతాది కార్డు ముక్కతో మెలితిప్పితే విరుగుతుంది. పీటీటీ బటన్ దగ్గర, వైరు మెడ దగ్గర అసలు కోయకండి. ఆ రెండు చోట్లా లోపల గోడకు ఆనుకునే వస్తువులు ఉంటాయి. తిరిగే బ్లేడు ఉన్న చిన్న మోటారు పరికరం వాడాలనిపిస్తుంది, కానీ అది ప్లాస్టిక్‌ను కోయడం కంటే ఎక్కువ కరిగిస్తుంది. ముందు కోసుకుంటూ పోతుంటే వెనక మళ్లీ అతుక్కుంటూ వస్తుంది.

చిప్పలు విడిపోయాక ఒక్కసారిగా పుస్తకం తెరిచినట్టు తెరవకండి. స్పీకర్ ఒక చిప్పలో, బోర్డు రెండో చిప్పలో ఉండి మధ్యలో వెంట్రుకల్లాంటి రెండు వైర్లు ఉంటాయి. ఒక వేలు సందు తెరిచి టార్చి వేసి చూడండి, తర్వాత తెరవండి.

లోపల

దేన్నీ ముట్టుకోక ముందు ఫొటో తీయండి. నాలుగు వైపుల నుంచీ తీయండి. ఏ రంగు వైరు ఏ చుక్కకు అతికిందో కాగితం మీద కూడా రాసుకోండి. ఫొటోలో ఎరుపు, నారింజ ఒకేలా కనపడి ఏడిపిస్తాయి. నీళ్లు దిగకుండా చిప్పల మధ్య ఉండే రబ్బరు గ్యాస్కెట్‌ను దాని గాడిలోంచి తీసి శుభ్రమైన డబ్బాలో పెట్టండి. రంపం పొడి అంతా బ్రష్‌తో దులిపేయండి. స్పీకర్ అయస్కాంతం స్క్రూలను, ఇనుప రజనును లాక్కుంటుంది కాబట్టి దాని ముఖం మీద ఒక టేపు ముక్క వేసి ఉంచండి.

ముందు పీటీటీ స్విచ్. చిన్న చదరపు స్విచ్ అయితే దాని కాళ్ల మీద మీటరు పెట్టి నొక్కండి. ఒక ఓమ్ లోపు రావాలి. పదులు వందలు చూపిస్తూ, ప్రతి నొక్కుకూ అంకె మారుతుంటే అది అరిగిపోయింది, మార్చండి. మార్చేటప్పుడు అడుగు సైజు ఒక్కటే చూస్తే చాలదు. 6 బై 6 మిల్లీమీటర్ల స్విచ్‌లు పొడవులో ఎన్నో రకాలు. అర మిల్లీమీటరు పొడవు ఎక్కువైనా, మూత పెట్టగానే బటన్ నొక్కుడు పడే ఉంటుంది, మీ మైకు ఎప్పుడూ ట్రాన్స్‌మిట్‌లోనే కూర్చుంటుంది. పాతదాన్ని కొలిచి అదే పొడవు తెచ్చుకోండి. కొన్నిట్లో స్విచ్ బదులు టేపు కింద గిన్నె బోర్లించినట్టు పల్చటి లోహపు బిళ్ల ఉంటుంది. టేపు ఒక పక్క లేపి, బిళ్లను, కింది బోర్డును ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ అంటించండి. గరుకు కాగితంతో రుద్దకండి, బోర్డు మీది పల్చటి పూత పోతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. రబ్బరు కింద నల్లటి కార్బన్ బిళ్లలుండే రకానికి సహజంగానే నిరోధం ఎక్కువ, దాన్ని ఒక ఓమ్ కొలబద్దతో కొలవకండి.

తర్వాత కండెన్సర్ మైకు. ఎక్కువ మైకుల్లో ఉండేది ఇదే, చిన్న గుండ్రటి బిళ్ల, వెనక రెండు చుక్కలు. ఆ రెండింటిలో ఒకటి పక్కనున్న లోహపు డొక్కుకు కలిసి ఉంటుంది, అదే గ్రౌండ్. లోపల చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది కాబట్టి దీనికి సెట్ నుంచి కరెంటు రావాలి, తిరగేసి అతికిస్తే పనిచేయదు. మైకును సెట్‌కు తగిలించి ఈ రెండు చుక్కల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. కొన్ని సెట్లు పీటీటీ నొక్కినప్పుడే ఇస్తాయి, కాబట్టి యాంటెన్నా తీసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (తరంగాన్ని గాల్లోకి వదలకుండా తనలోనే మింగే ఉత్తుత్తి యాంటెన్నా) పెట్టి, తక్కువ పవర్‌లో ఈ పరీక్ష చేయండి. అసలు ఏమీ రాకపోతే మైకు బిళ్లది తప్పు కాదు, వైరుదో దారిలోని రెసిస్టర్‌దో. వోల్టు, రెండు వోల్టులు ఉండి మాట పోకపోతే బిళ్ల పోయింది. సెట్ నుంచి విడదీసి మీటరును ఓమ్‌లలో పెట్టి బిళ్ల మీద మెల్లగా ఊదినా తెలుస్తుంది. బాగున్నదైతే అంకె ఊగుతుంది.

కొత్త బిళ్లను అతికించేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌ను ఒక్కో చుక్క మీద రెండు సెకన్లకు మించి ఉంచకండి. ముందు వైరు చివర సోల్డర్ పూసి సిద్ధంగా ఉంచుకుంటే అంతసేపు కూడా పట్టదు. ఒక చుక్క అతికించాక చల్లారనిచ్చి రెండోది అతికించండి. పాత బిళ్ల కాళ్ల మధ్య చిన్న కెపాసిటర్ ఉంటే దాన్ని పారేయకండి, కొత్తదానికి కూడా అక్కడే పెట్టండి. సెట్ నుంచి వచ్చే రేడియో తరంగం మైకులోకి దూరి అరుపులా తిరిగి వెళ్లకుండా ఆపేది అదే. తక్కువ పవర్‌లో బాగుండి, పవర్ పెంచగానే గొంతు బరబరమంటే ఎవరో ఆ కెపాసిటర్‌ను మింగేశారని అర్థం.

కొన్ని పాత మైకుల్లో కండెన్సర్ బదులు డైనమిక్ బిళ్ల ఉంటుంది, లోపల తీగచుట్ట ఉన్నది. దానికి వోల్టేజీ అక్కర్లేదు, మీటరు కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తే బతికే ఉన్నట్టు. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టకండి.

స్పీకర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 8 ఓమ్‌ల స్పీకర్ మీటరు మీద ఏడు ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తుంది. టార్చి సెల్ ఒక్క క్షణం ఆనిస్తే టక్‌మనాలి. అనకపోతే అదే కొలత, అదే ఓమ్‌లది వేయండి. కాగితపు కోను ఉన్నది వద్దు, ప్లాస్టిక్ పొరదే తీసుకోండి.

వైరు, అసలు దొంగ

సగానికి పైగా మైకుల్లో నాకు దొరికిన లోపం ఇక్కడే. ఎప్పుడూ వంగే చోటే తెగుతుంది, మైకు మెడలో రబ్బరు తొడుగు దాటిన మొదటి రెండు మూడు సెంటీమీటర్లలో, లేదంటే ప్లగ్ దగ్గర. ఏ చివర తెగిందో చెప్పడానికి ఒక చిట్కా ఉంది. మీ మీటరు పికోఫారడ్‌లు కొలిచేదైతే, తెగిన వైరుకూ పక్క వైరుకూ మధ్య కెపాసిటెన్స్‌ను రెండు చివర్ల నుంచీ కొలవండి. వైరు పొడవును బట్టి కెపాసిటెన్స్ పెరుగుతుంది. కాబట్టి ఏ చివర దాదాపు సున్నా వస్తే తెగింది ఆ చివరే.

మెడ దగ్గర తెగితే తొడుగు దాటి అయిదు సెంటీమీటర్ల అవతల కోసేసి మళ్లీ అతికించడమే. గిరజాల వైరులో అంత పొడవు తగ్గినా తెలియదు. వైరు చివర ఒలిచాక రాగి పోగుల బదులు దారం చుట్టూ చుట్టిన తళుకు రేకు కనపడొచ్చు. పదే పదే వంగినా తెగకుండా ఉండటానికి అలా చేస్తారు. మామూలుగా సోల్డర్ పెడితే దారం మాడి, రేకు జారిపోతుంది. మామూలు వైరులోంచి సన్నటి రాగి పోగు ఒకటి తీసి ఆ రేకు మీద పది చుట్లు బిగించి, ఆ చుట్ల మీద సోల్డర్ పెట్టండి. వార్నిష్ పూత ఉన్నదైతే ఐరన్ మొన మీద సోల్డర్ బొట్టు నిలిపి వైరు చివరను అందులో కాసేపు ముంచితే పూత కాలిపోతుంది.

అతికించిన చోటు మీద లాగుడు పడకూడదు. వైరుకు లోపలి వైపు చిన్న ప్లాస్టిక్ టై బిగించి, అది మెడ గాడికి అడ్డంగా నిలిచేలా చూడండి. రబ్బరు తొడుగును తిరిగి వేయకుండా వదిలేస్తే మళ్లీ ఆరు నెలల్లో ఇదే పని మీకు.

నీళ్లు దిగిన మైకుకు ఒక్క మాట. ఉప్పునీరైతే పచ్చగా, తెల్లగా పొరలు కట్టి ఉంటుంది. స్పీకర్, మైకు బిళ్ల విప్పి పక్కన పెట్టి, బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, ఆరాకే కరెంటు ఇవ్వండి. తుడవకుండా ఆరబెడితే ఉప్పు అక్కడే ఉండిపోతుంది, మళ్లీ తేమ తగలగానే తినడం మొదలుపెడుతుంది.

మూసే ముందు, మూసేటప్పుడు

చిప్పలను రబ్బరు బ్యాండ్లతో పట్టించి డమ్మీ లోడ్ మీద ట్రాన్స్‌మిట్ చేయండి. పక్క గదిలో ఇంకో సెట్ పెట్టి హెడ్‌ఫోన్‌తో వినండి. అదే గదిలో పెడితే కూత మొదలవుతుంది. వైరు వంచుతూ, బటన్ను మూలల మీద కూడా నొక్కుతూ పదిసార్లు పరీక్షించండి. మూశాక బయటపడే లోపం కంటే చిరాకు ఇంకోటి లేదు.

కొక్కేలూ స్క్రూలూ ఉన్నవైతే గ్యాస్కెట్‌కు సిలికాన్ గ్రీజు పల్చగా రాసి మూసేయండి. వెల్డింగ్ పగలగొట్టిన వాటిని మళ్లీ శాశ్వతంగా అతికించకండి. సూపర్ గ్లూ అసలు వద్దు. దాని ఆవిరి చుట్టూ తెల్లటి మచ్చలు వేస్తుంది, స్విచ్‌లోకి దిగితే దాన్ని చంపుతుంది. లోపల ఖాళీ మూలలుంటే నాలుగు చోట్ల చిన్న ప్లాస్టిక్ స్తంభాలు ఎపాక్సీతో నిలిపి, వెనక చిప్పకు రంధ్రాలు వేసి, సన్నటి స్క్రూలు పెట్టుకోండి. స్తంభానికి వేసే రంధ్రం స్క్రూ కంటే సన్నగా ఉండాలి. బిగించేటప్పుడు ప్లాస్టిక్ పగిలిందంటే రంధ్రం చిన్నదైనట్టు.

చోటు లేకపోతే సిలికాన్ సీలెంట్. కొనేటప్పుడు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ ఘాటు వస్తే వద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. గీత వెంట అగ్గిపుల్లంత సన్నటి గీతగా వేసి, చిప్పలు నొక్కి, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఒక రోజు వదిలేయండి. మైకు రంధ్రం మీద ముందే టేపు వేయడం మరచిపోకండి. రెండోసారి విప్పాల్సి వస్తే బ్లేడుతో ఆ గీత కోస్తే చాలు.

విప్పిన మైకు మీద ఐపీ67 (దుమ్ము, నీళ్లను ఆపే గుణానికి గుర్తు) అని ఉన్నా ఇక దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ 7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఏమీ కాదని కంపెనీ ఇచ్చిన మాట. ఆ మాట కంపెనీ అతుకుకే వర్తిస్తుంది, మీ సిలికాన్‌కు కాదు. చినుకులు ఓర్చుకుంటుందనుకోండి, ముంచి పరీక్షించకండి.

మూసేముందు ఇంకొక్కటి. రంగులు రాసుకున్న ఆ కాగితం, దాని మీద ఏ రోజు ఏం మార్చారో రెండు ముక్కలు, మడిచి పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి స్పీకర్ వెనక ఖాళీలో, బటన్‌కు తగలకుండా దూర్చండి.